అరవై అడిగితే యాభై రెండు

మా తోడల్లుడి కొడుకు జగ్గయ్యపేటలో స్పోర్ట్స్ షాపు పెడుతున్నాడు. క్రికెట్ సామాను, షటిల్ బ్యాట్లతో పాటు టెన్నిస్ రాకెట్లు కూడా అమ్ముతాడట. రాకెట్లకు తీగలు బిగించే గట్టింగ్ మెషీను అప్పుడే కొనేశాడు. "బాబాయ్, మన దగ్గర అందరూ డబుల్సే ఆడతారు కదా. డబుల్స్‌కి ఎలాంటి రాకెట్ ఇవ్వాలో ఓ రెండు పేజీలు రాసిపెట్టు" అని అడిగాడు. సరేనన్నాను. ఆ మాట అన్న దగ్గర్నుంచి నా మనసు స్థిమితంగా లేదు.

రాకెట్ గురించి రాయడానికి భయమెందుకని మీకనిపించవచ్చు. నేను ముప్పై నాలుగేళ్లు టెన్నిస్ మార్కర్‌గా పనిచేశాను. మార్కర్ అంటే క్లబ్బులో కోర్టు తడిపి, రోలర్ లాగి, సున్నంతో గీతలు గీసి, మెంబర్లు ముగ్గురే వస్తే నాలుగో మనిషిగా ఆడి, వాళ్ల రాకెట్లకు గట్ కట్టే మనిషి. మొదటి పదకొండేళ్లు జగ్గయ్యపేట దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ కాలనీ క్లబ్బులో చేశాను. తరవాత ఇరవై మూడేళ్లు నందిగామలో. మోకాళ్లు అరిగిపోయాక మానేశాను.

నాది మొదట్నుంచీ పిరికి గుండె. నేను గట్ కట్టిన రాకెట్ పట్టుకుని మనిషి కోర్టులోకి వెళ్తుంటే, ఆయన నాలుగు బంతులు కొట్టి తల ఊపేదాకా నేను కోర్టు పక్క నుంచి కదిలేవాణ్ని కాదు. మెషీన్ స్ప్రింగు సాగిందేమోనని ప్రతి సోమవారం పొద్దున్నే తూకం తగిలించి సరిచూసుకునేవాణ్ని. మా ఆవిడ నవ్వేది. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేదేంటంటే, ఆ భయం ఉండటం మంచిదే. ఆ భయంతో ఏం చేస్తామన్నదే అసలు సంగతి. నేనేం చేశానో చెప్పకుండా రాకెట్ గురించి ఎంత రాసినా అది సగం రాసినట్టే.

ముందు పార్ట్‌నర్ని చూడాలి

మన ఊళ్లలో సింగిల్స్ ఆడేవాళ్లు లేరు. ఉండేది ఒక్క కోర్టు, వచ్చేది ఎనిమిది మంది. ఏడున్నరకల్లా లాయర్లు కోర్టుకి, డాక్టర్లు ఓపీకి, బ్యాంకు వాళ్లు బ్యాంకుకి పోవాలి. పైగా అందరూ నలభై దాటినవాళ్లే. కాబట్టి రాకెట్ కొనడానికి వచ్చిన మనిషిని నువ్వెంత బాగా ఆడతావని అడగొద్దు. నీ పార్ట్‌నర్ ఎవరు, మీ ఇద్దరిలో నెట్ దగ్గర ఎవరు నించుంటారు అని అడగండి.

ఇది నేను ఒక కళ్లజోడు పగిలాక నేర్చుకున్నాను. జగ్గయ్యపేటలో మిర్చి వ్యాపారం చేసే ఇద్దరు స్నేహితులు ఉండేవాళ్లు. వ్యాపారంలోనూ భాగస్వాములే, డబుల్స్‌లోనూ జంటే. ఒకాయన ఆరడుగుల మనిషి, వెనక నించుని బాదేవాడు. రెండో ఆయన పొట్టి, చురుకైన మనిషి, నెట్‌కి అతుక్కుని ఉండేవాడు. ఇద్దరూ హైదరాబాదు వెళ్లి, ఒకే కంపెనీ, ఒకే రంగు, ఒకే బరువు రాకెట్లు రెండు తెచ్చుకున్నారు. జంట అన్నాక ఒకటే ఉండాలని వాళ్ల పట్టింపు. చూడ్డానికి ముచ్చటగానే ఉన్నాయి. కానీ ఆ రాకెట్లకు బరువంతా తల వైపే ఉంది. వెనక నించుని సావకాశంగా ఊపేవాడికి అది బలం. నెట్ దగ్గర బంతి కళ్ల ముందుకొచ్చేసరికి ఆ తల తిరగదు. నాకు చేతిలోకి తీసుకోగానే అర్థమైంది. వాళ్ల సంబరం చూసి నోరు మూసుకున్నాను. నాలుగో రోజున బంతి వచ్చి పొట్టాయన కళ్లజోడుకి తగిలింది. అద్దం కంటికి ఒక పిసరు పక్కగా గుచ్చుకుంది.

అప్పట్నుంచి నెట్ మనిషి ఎవరొచ్చినా నేను ముందు చేసేది ఒకటే. రాకెట్‌ని సరిగ్గా సగం పొడవు దగ్గర వేలి మీద నిలబెడతాను. పిడి వైపు వాలితే అది నెట్ మనిషిది, మరో మాట లేదు. అలాగని మొత్తం బరువే తక్కువున్న రాకెట్ ఇవ్వొద్దు. షాపులో తిప్పితే హాయిగా ఉంటుంది గానీ ఎదుటివాడు గట్టిగా కొట్టినప్పుడు చేతిలో మెలి తిరుగుతుంది, ఆ మెలిక మోచేతికి పోతుంది. తల కాస్త పెద్దదుంటే మంచిది, మధ్యలో తగలని బంతి కూడా అవతలికి పోతుంది. మరీ పెద్దదైతే మళ్లీ తిరగదు. పిడి పట్టుకున్నప్పుడు వేళ్ల చివరలకీ అరచేతికీ మధ్య రెండో చేతి వేలు ఒకటి దూరాలి. దూరకపోతే పిడి సన్నం, మనిషి దాన్ని పిసికి పట్టుకుంటాడు. సాయంత్రానికి చెయ్యి నొప్పని వస్తాడు.

ఇంతవరకూ ఎవరైనా చెప్తారు. రాకెట్ సంగతి సగమే, మిగతా సగం గట్టింగ్. నేను తప్పు చేసింది అక్కడ.

జీఎం గారి అరవై రెండు

గట్‌ని ఎంత బిగువుగా లాగి కట్టామో పౌండ్లలో చెప్తారు. ఎక్కువ పౌండ్లు కడితే బంతి అనుకున్న చోట పడుతుంది, కానీ ప్రతి దెబ్బా చేతికి తెలుస్తుంది. తక్కువ కడితే గట్టే బంతిని తోసి పంపుతుంది, చెయ్యి సుఖంగా ఉంటుంది. నలభై దాటి డబుల్స్ ఆడుకునే మనిషికి యాభై, యాభై రెండు చాలు. కానీ మన మగవాళ్లకి ఈ అంకె ఎందుకో పరువు సమస్య అయిపోయింది. ఎంత ఎక్కువ చెప్పుకుంటే అంత పెద్ద ఆటగాడు.

కాలనీ క్లబ్బులో మా జనరల్ మేనేజర్ గారికి అరవై రెండు కావాలి. టీవీలో ఎవరో ఆడుతుంటే చెప్పగా విన్నారు. అప్పటికే ఆయన మోచేతికి పట్టీ ఉంది. వద్దండి అని ఒకసారి అన్నాను. ఆయన నా వైపు చూసి, "నాకు తెలుసులేవయ్యా, చెప్పింది కట్టు" అన్నారు. ఇంటికి తీసుకెళ్లి యాభై నాలుగు కట్టాను. అరవై రెండేనండి అని ఇచ్చాను. ఆ రోజు పొద్దున్న ఆయన ఆడుతున్నంతసేపూ ఆయన కొట్టిన ప్రతి బంతినీ లెక్కపెట్టుకుంటూ నించున్నాను. ఉద్యోగం పోతే కాలనీలో ఇచ్చిన రెండు గదులు కూడా పోతాయి.

ఆయన ఆట ముగించి వచ్చి అందరి ముందూ నా భుజం తట్టారు. "చూశారా, అరవై రెండంటే ఇలా ఉండాలి. ఇన్నాళ్లూ ఎవడూ సరిగ్గా కట్టలేదు" అన్నారు. నెల తిరిగేసరికి పట్టీ తీసేశారు.

జీఎం గారు మంచి మనిషి. కానీ ఆయన చుట్టూ ఉన్నవాళ్లలో ఆయనకు నిజం చెప్పేవాళ్లు లేరు. ఆయన కొట్టిన బంతి గీత దాటి జానెడు అవతల పడ్డా లోపలే పడిందనేవాళ్లు. నేను వాళ్లకంటే నయం అనుకునేవాణ్ని, ఆయన చెయ్యి కాపాడాను కదా అని. నిజానికి నేనూ వాళ్లలో ఒకణ్నే. పై అధికారిని ఎలా మెప్పించాలో ఆ రోజు నేర్చుకున్నాను. అది నేర్చుకోకుండా ఉండాల్సింది.

నందిగామలో అందరికీ అరవై

నందిగామ క్లబ్బు సెక్రటరీ లాయరు గారు. మాట గట్టి మనిషి, క్లబ్బుని నిలబెట్టింది ఆయనే, కాదనను. కొత్త మెంబరు ఎవరొచ్చినా ఆయన చెప్పే మొదటి మాట, "మన క్లబ్బులో అరవైకి తక్కువ ఎవరూ ఆడరండి" అని. అందరూ అరవై అడిగేవాళ్లు. నేను ఒక్కొక్కరి చెయ్యి, వయసు, ఆట చూసి ఒకరికి యాభై, ఒకరికి యాభై నాలుగు కట్టి, అరవై అని చెప్పి ఇచ్చేవాణ్ని. లాయరు గారిది కూడా యాభై రెండే. నిజం అంకెలు ఒక కాగితం మీద రాసుకుని బీరువాలో చీరల కింద పెట్టాను. ఆ కాగితం ఎవరి కంటైనా పడుతుందేమోనని మా ఆవిడ బీరువా తీసినప్పుడల్లా వెళ్లి పక్కన నించునేవాణ్ని.

కానీ పని బాగా నడిచింది. మా క్లబ్బులో ఎవరికీ మోచేతి నొప్పి లేదు. పక్క ఊళ్ల వాళ్లు ఆశ్చర్యపోయేవాళ్లు. నాలో నేను గర్వపడేవాణ్ని. రోగికి చెప్పకుండా వైద్యం చేస్తున్నట్టు ఉండేది.

డాక్టర్ గారి రాకెట్

శశికళ గారు కాన్పుల డాక్టరు. నందిగామలో సొంత నర్సింగ్ హోము. చందర్లపాడు, వీరులపాడు వైపు ఊళ్ల నుంచి కూడా ఆవిడ దగ్గరికే వచ్చేవాళ్లు. కడుపు కోసి బిడ్డను తియ్యాల్సి వస్తే, ఆ చుట్టుపక్కల జనం ఆవిడ చేతినే నమ్ముకునేవాళ్లు. తెల్లారగట్ల ఎన్ని కేసులు చూసినా ఆరింటికల్లా కోర్టులో ఉండేవారు. ఆవిడ పార్ట్‌నర్ రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్ రామ్మోహనరావు మాస్టారు. మాస్టారు వెనక గీత వదిలి కదిలేవారు కాదు, ఆకాశానికి బంతులు లేపుతూ ఉండేవారు. నెట్ అంతా డాక్టర్ గారిదే.

ఆవిడకు రాకెట్ నేనే ఎంచాను. నా చేతి మీదుగా వెళ్లినవాటిలో అంత సరిగ్గా కుదిరింది మరొకటి లేదు. పిడి వైపు బరువు, తల కాస్త పెద్దది, బంతి ఎంత జోరుగా వచ్చినా కదలదు. ఆవిడ బంతిని కొట్టేవారు కాదు, దారికి అడ్డంగా రాకెట్ పెట్టేవారు, అది చచ్చి అవతల పడేది. చెయ్యి అంత నిదానం. గట్టింగ్ అడిగితే లాయరు గారు చెప్పిన మాట పట్టుకుని, "నాకూ అరవై కట్టండి" అన్నారు. ఆవిడకి పరువు పట్టింపేం లేదు. క్లబ్బులో పద్ధతి అదేమో అనుకున్నారు, అంతే. ఆవిడకి నిజం చెప్పి ఉంటే ఒక్క నిమిషంలో వినేవారు. నేను అలవాటు కొద్దీ మెత్తటి గట్ యాభై రెండు కట్టి, అరవై అని చెప్పాను. ఆరేళ్లు అలాగే చెప్పాను.

ఏడేళ్ల కిందట విజయవాడలో డాక్టర్లందరూ కలిసి టెన్నిస్ పోటీలు పెట్టుకున్నారు. అక్కడ ఆవిడ రాకెట్ గట్ తెగింది. పక్కనే షాపులో ఇచ్చారు. ఎంత కట్టాలని వాళ్లు అడిగారు. ఆవిడ, "నేనెప్పుడూ అరవై ఆడతానండి" అన్నారు. వాళ్లు అరవై కట్టారు. అంత బిగువు అడిగేవాళ్లకు వేసే గట్టి పాలిస్టర్ గట్ వేశారు. వాళ్ల తప్పు ఇందులో ఇసుమంత కూడా లేదు.

సోమవారం విన్న చప్పుడు

సోమవారం పొద్దున్న నేను కోర్టు చివర పైపు పట్టుకుని మొక్కలకు నీళ్లు పెడుతున్నాను. వెనక నుంచి డాక్టర్ గారు బంతి కొట్టిన చప్పుడు వినపడింది. నేను కట్టిన గట్ మీద బంతి పడితే మెత్తగా వినపడుతుంది. ఇది సన్నగా, రేకు మీద రాయి పడ్డట్టు వినపడింది. తిరిగి చూడకుండానే నాకు తెలిసిపోయింది. పైపు చేతిలోంచి జారి కాళ్లు తడిశాయి.

ఆట అయ్యాక వెళ్లి, గట్ మార్చి ఇస్తానండి అన్నాను. ఆవిడ నవ్వి, "కొత్తది కదండీ, తెగేదాకా ఆడనివ్వండి" అన్నారు. ఎందుకు మార్చాలో చెప్తే గానీ ఆవిడ ఇవ్వరు. చెప్తే ఆరేళ్ల అబద్ధం బయటపడుతుంది. ఆవిడది బయటపడితే లాయరు గారిది, మాస్టారిది, అందరిదీ బయటపడుతుంది. ఇంకో వారం చూద్దాం, గట్ దానంతటదే తెగుతుందిలే అనుకున్నాను. ఆ దిక్కుమాలిన గట్ తెగలేదు.

మూడో వారానికి ఆవిడ టీ గ్లాసు ఎడమ చేత్తో అందుకోవడం మొదలుపెట్టారు. ఐదో వారానికి బంతి అడ్డం పెట్టిన ప్రతిసారీ చెయ్యి విదిలించేవారు. మాస్టారు అడిగితే, "నిద్ర తక్కువై ఉంటుంది మాస్టారూ" అని దాటేశారు. నేను రోజూ గేటు దగ్గర నించుని, ఈ రోజు చెప్పేద్దాం అనుకునేవాణ్ని. ఆవిడ కారు దిగగానే రోలర్ దగ్గరికి వెళ్లిపోయేవాణ్ని. రెండు నెలలు నిండుతుండగా మా ఆవిడకు ఒకరోజు మొత్తం చెప్పేశాను. తను పొయ్యి ఆపి వచ్చి విన్నది. తరవాత, "పద్మకి ఆవిడే కదండీ చూసేది" అంది.

పద్మ మా అమ్మాయి. అప్పటికి ఎనిమిదో నెల. బిడ్డ అడ్డంగా ఉంది, ఆపరేషన్ కావచ్చని డాక్టర్ గారే చెప్పారు. ఆ సంగతి నాకు తెలియక కాదు. రెండు నెలలుగా దాన్ని తలుచుకోకుండా తప్పించుకు తిరుగుతున్నాను.

చెప్పిన రోజు

మర్నాడు పద్మను చెకప్‌కి తీసుకెళ్లాను. బయట బెంచీల మీద జనం నిండా ఉన్నారు. లోపల డాక్టర్ గారు మా అమ్మాయికి బీపీ చూస్తూ, రబ్బరు బంతి రెండుసార్లు నొక్కి, ఆపి, ఎడమ చేతిలోకి మార్చుకున్నారు. చీటీ రాస్తుంటే అక్షరాలు వంకర పోయాయి. పద్మను బయట కూర్చోమన్నాను. తలుపు వేసి ఆవిడ ముందు నించున్నాను.

"డాక్టర్ గారూ, మీ చేతి నొప్పి నా వల్లేనండి" అన్నాను.

"మీ వల్లేంటండీ?"

"మీకు నేనెప్పుడూ అరవై కట్టలేదండి. ఆరేళ్లుగా యాభై రెండే కడుతున్నా, అరవై అని చెప్తున్నా. విజయవాడలో వాళ్లు నిజంగా అరవై కట్టారు. మొదటి రోజే చప్పుడు విని తెలుసుకున్నా. చెప్పలేకపోయా."

ఆవిడ పెన్ను కింద పెట్టారు. అరుస్తారనుకున్నాను. అరవలేదు.

"ఎందుకలా చేశారు?"

"మీ చెయ్యి పాడవకూడదనండి."

"కోటేశ్వరరావు గారూ, నేను ఒక పేషంట్‌కి ఒక డోసు ఇచ్చి, చీటీ మీద ఇంకో డోసు రాశాననుకోండి. నా దగ్గరున్నంతకాలం ఆ మనిషికి ఏమీ కాదు. ఊరు మారి ఇంకో డాక్టర్ దగ్గరికెళ్తే? నేను రాసిన చీటీయే కదా చూపిస్తుంది."

ఆవిడ కుడి చెయ్యి బల్ల మీద పెట్టి, వేళ్లు ముడిచి, తెరిచి చూసుకున్నారు. మళ్లీ ఆవిడే అన్నారు, "మొన్న కుట్లు వేస్తుంటే పట్టు జారింది. పక్కన ఇంకో డాక్టర్ ఉన్నారు కాబట్టి సరిపోయింది. నేనూ ఎవరికీ చెప్పలేదు. నిద్ర లేకేమో అనుకున్నా." తరవాత గంట కొట్టి నర్సుని పిలిచి, రాబోయే నెలన్నరకి అనుకున్న ఆపరేషన్లన్నీ విజయవాడ రాసెయ్యమన్నారు. పద్మ కాగితాల మీద కూడా విజయవాడ అని ఆవిడే రాశారు, ఎడమ చేత్తో.

కూతురి కోసమే చెప్పానా అని నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. అవుననే అనుకుంటాను. లేకపోతే ముందు రెండు నెలలూ ఎందుకు చెప్పలేదు? ఆ రెండు నెలల్లో ఆవిడ చేతి కింద పడుకున్నవాళ్లందరూ కూడా ఎవరో ఒకరి కూతుళ్లే.

క్లబ్బులో కూడా మర్నాడు చెప్పేశాను. బీరువాలో కాగితం తెచ్చి అందరి ముందూ చదివాను. లాయరు గారి మొహం ఎర్రబడింది. "అంటే ఇన్నేళ్లూ నా సర్వీసు యాభై రెండుతోనా?" అన్నారు. ఆ తరవాత ఏడాది పాటు నాతో మాట్లాడలేదు. నలుగురైదుగురు గట్టింగ్ విజయవాడలో చేయించుకోవడం మొదలుపెట్టారు. వాళ్లను తప్పుపట్టను. మాస్టారు మాత్రం తనది ఎంత అని అడిగారు. నలభై ఎనిమిదండి అన్నాను. కాస్త ఆలోచించి, అయితే నలభై ఎనిమిదే బాగుంటుందన్నమాట అని లేచి బంతులు ఏరుకున్నారు.

కంచికచర్ల దాటాక

పద్మకు పది రోజులు ముందుగానే నొప్పులొచ్చాయి. మధ్యాహ్నం పన్నెండింటికి కారు మాట్లాడుకుని విజయవాడ బయల్దేరాం. నర్సింగ్ హోము మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరం. దాని ముందు నుంచే కారు పోయింది. కంచికచర్ల దగ్గర లారీ అడ్డం పడి బళ్లన్నీ ఆగిపోయాయి. మా అమ్మాయి వెనక సీట్లో వాళ్లమ్మ ఒళ్లో పళ్లు బిగబట్టుకుని ఉంది. నేను ముందు కూర్చుని అద్దంలోంచి దాని మొహం చూడటానికి భయపడి, రోడ్డు పక్క మైలురాళ్లు చూస్తూ కూర్చున్నాను. యాభై రెండు, అరవై, యాభై రెండు, అరవై అని అవే నోట్లో తిరుగుతున్నాయి. ఇబ్రహీంపట్నం దాటేసరికి నా చొక్కా తడిసిపోయింది.

మాకేం కాలేదు. ఆపరేషన్ అయింది, మనవడు పుట్టాడు, ఇద్దరూ క్షేమం. నేను బయట వరండాలో గోడకి జారబడి కూర్చున్నాను. పక్కన ఒక పెద్దావిడ చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కూలి చేసుకునే మనిషిలా ఉంది. చందర్లపాడు అవతల ఊరట. కోడల్ని లోపలికి తీసుకెళ్లి రెండు గంటలైందట, ఎవరూ ఏమీ చెప్పడం లేదట.

"నందిగామలో డాక్టరమ్మ చెయ్యి బాలేదన్నారండి. అక్కడైతే ఈపాటికి అయిపోయేది. ఆటోలో నందిగామ దాకా వచ్చి, మళ్లీ ఇంత దూరం రావాల్సొచ్చింది. దారిలో లారీ ఒకటి అడ్డం పడిందిగా" అంది. చేతిసంచి సర్దుకుని, "ఆవిడ చెయ్యి ఎప్పటికి బాగవుద్దో మీకేమన్నా తెలుసా అండి?" అని అడిగింది.

తెలియదన్నాను. నన్ను లోపలికి పిలిచారు, మనవణ్ని చూపించారు. మళ్లీ బయటకి వచ్చేసరికి ఆ బెంచీ మీద ఆవిడ లేదు. కోడలికి ఏమైందో నర్సుని అడిగితే చెప్పేది. నేను అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయింది. ఇప్పుడు మా మనవడికి ఏడేళ్లు. వాడి పుట్టినరోజు వచ్చినప్పుడల్లా ఇంకో బిడ్డకి కూడా ఆ రోజు అన్నేళ్లే నిండి ఉండాలని మనసులో అనుకుంటాను. నిండాయో లేదో నాకు తెలియదు.

ఆవిడ ఒక్కతే నాకు కనపడింది. ఆ నెలన్నరలో ఆ రోడ్డు మీద ఎంతమంది వెళ్లారో, ఎలా వెళ్లారో చెప్పేవాళ్లెవరూ లేరు.

మెషీను ఎటు తిప్పి పెట్టాలి

డాక్టర్ గారు నెలన్నరకు మళ్లీ ఆపరేషన్లు మొదలుపెట్టారు. మరో మూడు నెలలకు కోర్టుకి వచ్చారు. అదే రాకెట్. పాత గట్ కోసి పారేసి, ఖాళీ ఫ్రేము తీసుకుని మా ఇంటికి వచ్చారు. లోపలికి రమ్మంటే వచ్చారు, మజ్జిగ తాగారు, పద్మ గురించి అడిగారు. తరవాత ఫ్రేము నా చేతికిచ్చి, "ఎంత కట్టాలో మీకే బాగా తెలుసు, అది కట్టండి. కానీ కట్టిందే చెప్పండి" అన్నారు.

తెల్ల టేపు ముక్క మీద 52 అని రాసి, రాకెట్ మెడ దగ్గర అంటించి ఇచ్చాను. అప్పట్నుంచి ఎవరికి కట్టినా అలాగే రాసిస్తున్నాను. అరవై అడిగినవాడికి వద్దని చెప్తాను, ఎందుకో చెప్తాను. వినకపోతే అరవై కట్టి, అరవై అని రాసి ఇస్తాను. కొందరి చేతులు పాడయ్యాయి. అది చూడటం కష్టమే. కానీ ఎందుకు పాడయ్యాయో వాళ్లకు తెలుసు, ఇంకో ఊళ్లో ఏం అడగకూడదో కూడా తెలుసు.

ఒరే అబ్బాయ్, నీ షాపులో రాకెట్ల సంగతి నువ్వే మెల్లగా నేర్చుకుంటావు. నెట్ మనిషికి పిడి బరువు, సన్నపు పిడి వద్దు, మరీ తేలికది వద్దు. అవన్నీ పైన రాశాను. మెషీను ఎక్కడ పెట్టాలో మాత్రం చెప్తాను. నేను ముప్పై ఏళ్లు దాన్ని గోడ వైపు తిప్పి పెట్టుకున్నాను. అంకె నాకొక్కడికే కనపడేది. నువ్వు కౌంటరు మీద, వచ్చినవాళ్ల వైపు తిప్పి పెట్టు.

క్లబ్బు మానేసినా ఇద్దరికి మాత్రం ఇంకా గట్ కడుతున్నాను, మాస్టారికి, డాక్టర్ గారికి. ఆవిడ మొన్న బుధవారం కూడా వచ్చారు. మా మనవడికి బిస్కెట్లు తెచ్చారు. నేను గట్ బిగిస్తుంటే ఎదురుగా కూర్చుని పిల్లాడితో కబుర్లు చెప్తూనే ఉన్నారు. పని అయ్యి టేపు అంటించబోతుంటే ఆపి, ఎప్పటిలాగే నెమ్మదిగా అడిగారు, "యాభై రెండేనా అండి?"

ఏడేళ్లుగా ప్రతిసారీ అడుగుతారు. మాటలో కోపం ఉండదు. నేను మెషీను ఆవిడ వైపు తిప్పుతాను. ఆవిడ వంగి, కళ్లజోడు సర్దుకుని అంకె చూస్తారు. చూశాకే రాకెట్ అందుకుంటారు.